హంబకర్ మార్చే ముందు: మీ ప్రశ్నలకు జవాబులు

ఎలక్ట్రిక్ గిటార్ పికప్‌ల (తీగ కదలికని సిగ్నల్‌గా మార్చే భాగాల) మీద, అందులోనూ హంబకర్లు (రెండు కాయిల్స్ ఉన్న పికప్‌లు) మార్చడం మీద చాలా ఉత్తరాలు పోగయ్యాయి. సంచికకి ఒకటి చొప్పున జవాబు రాస్తూ పోతే ఎప్పటికీ తేలదు కాబట్టి ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇచ్చేస్తున్నాను. ఉత్తరాలు కొంచెం కుదించాను, అడిగిన విషయం మాత్రం మార్చలేదు.

ప్రశ్న: సార్, నా గిటార్‌కి రెండు హంబకర్లు ఉన్నాయి, గిటార్‌తో పాటు వచ్చినవే. డిస్టార్షన్ పెడితే కార్డ్స్ అన్నీ ముద్దైపోతున్నాయి, లోపల ఏ స్వరం ఉందో తెలియడం లేదు. మీటర్ పెట్టి చూస్తే బ్రిడ్జ్ పికప్ (తీగల కింది చివర దగ్గరిది) 8 కిలో ఓమ్‌లు చూపిస్తోంది. 16 కిలో ఓమ్‌ల పికప్ వేస్తే పవర్ రెట్టింపవుతుంది, అప్పుడు అంతా విడివిడిగా వినిపిస్తుంది అని మా బ్యాండ్‌లో ఒక అన్న చెబుతున్నాడు. ఏది కొనమంటారు?

జవాబు: ఇప్పుడే ఏమీ కొనకండి. 16 కిలో ఓమ్‌ల పికప్ వేస్తే మీ కష్టం తగ్గకపోగా పెరిగే అవకాశమే ఎక్కువ. హాట్ పికప్ అంటే ఆంప్‌కి మొదట్లోనే ఎక్కువ సిగ్నల్ వెళ్తుంది, అంటే గెయిన్ నాబ్ ఇంకాస్త తిప్పినట్టే. మీ కార్డ్స్ ముద్దవుతున్నదే గెయిన్ ఎక్కువైనప్పుడు. దాని మీద ఇంకా సిగ్నల్ తోస్తే ఉన్న స్పష్టత కూడా పోతుంది.

మొదట ఖర్చు లేని పనులు చేయండి. ఆంప్‌లోనో పెడల్‌లోనో గెయిన్‌ని ఇప్పుడున్న దాంట్లో సగానికి దించి, బేస్ కొంచెం తగ్గించి, మిడ్ కొంచెం పెంచి అదే కార్డ్ వాయించండి. ఇంట్లో ఒక్కరే వాయించుకునేటప్పుడు బేస్ ఎక్కువ, మిడ్ తక్కువ పెట్టుకోవడం చాలామందికి అలవాటు, వినడానికి బాగానే ఉంటుంది కానీ డిస్టార్షన్‌లో ముందు ముద్దయ్యేది ఆ బేసే. దీంతోనే తేలిపోతే పికప్ సంగతి మర్చిపోవచ్చు.

తేలకపోతే పికప్ ఎత్తు చూడండి. అన్నిటికన్నా లావు తీగని చివరి ఫ్రెట్ దగ్గర నొక్కిపట్టి, ఆ తీగ అడుగు నుంచి పికప్ పోల్ (ఒక్కో తీగ కింద కనిపించే లోహపు మొన) పైభాగం దాకా ఉన్న సందుని మిల్లీమీటర్ల స్కేల్‌తో కొలవండి. బ్రిడ్జ్ పికప్‌కి లావు తీగ వైపు 2 నుంచి 2.5 మిల్లీమీటర్లు, సన్న తీగ వైపు 1.5 నుంచి 2 దాకా ఉంటే మొదలుపెట్టడానికి సరిపోతుంది. నెక్ పికప్ (గిటార్ మెడ దగ్గరిది) ఇంకొంచెం కిందకి ఉండాలి, ఎందుకంటే తీగ అక్కడ ఎక్కువగా ఊగుతుంది, సిగ్నల్ దానంతటదే ఎక్కువ వస్తుంది. కొత్త గిటార్లలో కూడా నెక్ పికప్ తీగలకి తాకేంత పైకి లేపి ఉండటం తరచుగా చూస్తుంటాను. పికప్ మరీ దగ్గరైతే అయస్కాంతం తీగని లాగుతుంది, స్వరం త్వరగా ఆగిపోతుంది, లావు తీగల మీద శ్రుతి కూడా కొంచెం వణికినట్టు వినిపిస్తుంది. పక్క స్క్రూ ఒకసారికి అర చుట్టు తిప్పండి, అదే కార్డ్ మళ్లీ వాయించండి. లావు తీగ వైపు కొంచెం దించి, సన్న తీగ వైపు అలాగే ఉంచితే ముద్ద చాలావరకు విడిపోతుంది.

ఆ తరువాత వెనక మూత తీసి వాల్యూమ్ పాట్ (నాబ్ తిప్పితే తిరిగే రెసిస్టర్) మీద ఏం రాసి ఉందో చూడండి. హంబకర్లకి మామూలుగా 500 కిలో ఓమ్‌ల పాట్ వాడతారు, సింగిల్ కాయిల్ పికప్‌లకి 250. మీ గిటార్‌లో 250 ఉంటే సౌండ్ మీద దుప్పటి కప్పినట్టు ఉంటుంది, ఆ తప్పు పికప్‌ది కాదు. 500 అని రాసి ఉన్నా నమ్మేయకండి, మామూలు పాట్‌లలో 20 శాతం అటూఇటూ ఉండటం సహజం, అంటే 400 ఉండొచ్చు, 600 కూడా ఉండొచ్చు. పాట్‌కి తగిలించి ఉన్న తీగలు విడదీసి, రెండు చివరి కాళ్ల మధ్య మీటర్ పెట్టి చూస్తే అసలు లెక్క తెలుస్తుంది. పొడవాటి కేబుల్ కూడా పై స్వరాలని తినేస్తుంది, పాతబడిన గిటార్ తీగలు సరేసరి.

ఇక ఆ 8, 16 లెక్క. దీని గురించి వివరంగానే చెప్పాలి, ఎందుకంటే పికప్ కొనేవాళ్లని తప్పుదోవ పట్టించేది ఎక్కువగా ఈ నంబరే. మీటర్ చూపించేది పికప్ కాయిల్‌లో చుట్టిన రాగి తీగ రెసిస్టెన్స్, అంతే. ఆ తీగ ఎంత పొడవుందీ, ఎంత సన్నగా ఉందీ, ఈ రెండూ కలిసి ఆ నంబర్ వస్తుంది. పాత తరహా హంబకర్లలో వాడే 42 గేజ్ తీగ మందం 0.063 మిల్లీమీటర్లు, ఒక్కో కాయిల్‌కి సుమారు 5,000 చుట్లు. అదే పొడవు 44 గేజ్ తీగ తీసుకుంటే రెసిస్టెన్స్ ఒకటిన్నర రెట్లకి పైనే ఉంటుంది, తీగ సన్నబడింది కాబట్టి. అంటే చుట్లు ఒక్కటి కూడా పెంచకుండా 8ని 12 చేయొచ్చు. ఒకే రకం తీగతో చుట్టిన రెండు పికప్‌లని పోల్చేటప్పుడు ఈ నంబర్ కొంత పనికొస్తుంది, వేరువేరు తయారీల మధ్య పోలిస్తే దాదాపు ఏమీ చెప్పదు. గది వేడి 10 డిగ్రీలు పెరిగితేనే 8 కిలో ఓమ్‌ల పికప్ 8.3 చూపిస్తుంది, సౌండ్‌లో మాత్రం ఏ మార్పూ ఉండదు.

ఒక ఉదాహరణ చెబుతాను. పికప్‌లు చేసే సీమోర్ డంకన్ వాళ్ల జేబీ సుమారు 16.4 కిలో ఓమ్‌లు, ఆల్నికో 5 అయస్కాంతం (ఆల్నికో అంటే అల్యూమినియం, నికెల్, కోబాల్ట్‌ల పేర్లు కలిపి పెట్టిన మిశ్రలోహం). డిమార్జియో సూపర్ డిస్టార్షన్, 1972లో వచ్చింది, సుమారు 13.7, సిరామిక్ అయస్కాంతం. నంబర్ చూస్తే జేబీ చాలా ముందుండాలి. వాయిస్తే ఆంప్‌ని తోయడంలో సూపర్ డిస్టార్షన్ దానికి ఏమాత్రం తీసిపోదు, తేడా అంతా గొంతులోనే. జేబీ పై మిడ్స్‌లో గట్టిగా పలుకుతుంది, రెండోది కిందా మధ్యా నిండుగా ఉంటుంది. అయస్కాంతం, చుట్ల సంఖ్య, కాయిల్ ఇండక్టెన్స్, లోపలి ఇనుప ముక్కలు, ఇవన్నీ కలిసి తేల్చే విషయాన్ని ఒక్క నంబర్ ఎలా చెబుతుంది?

ఇవన్నీ సరిచేశాక కూడా ముద్దగానే ఉంటే అప్పుడు మార్చండి. మీకు కావలసింది తక్కువ లేదా మధ్యస్థ అవుట్‌పుట్ ఉన్న ఆల్నికో 5 హంబకర్, 42 గేజ్ తీగతో చుట్టింది, 7.5 నుంచి 9 మధ్యలో ఉండేది. ఇంకో మాట, అందరూ మొదట బ్రిడ్జ్ పికప్ మీదే పడతారు కానీ గిటార్‌తో వచ్చిన పికప్‌లలో నిజంగా బలహీనంగా ఉండేది ఎక్కువగా నెక్ పికప్పే. రెండూ ఒకేసారి కొనే స్తోమత లేకపోతే మీ చెవికి ఏది ఎక్కువ చిరాకు పెడుతోందో దాన్నే ముందు మార్చండి, అది నెక్ అయినా సరే.

ప్రశ్న: పాత పీఏఎఫ్ (గిబ్సన్ తొలినాటి హంబకర్ల) సౌండ్ కావాలి. ఒక్కో కంపెనీ ఒక్కోటి తయారుచేసి ఇదే అసలైనది అంటోంది. ఆల్నికో 2, 3, 4, 5 అని వేరే. నంబర్ పెరిగితే అయస్కాంతం బలం పెరుగుతుందా? నేను ఎక్కువగా బ్లూస్ వాయిస్తాను, క్లీన్ లేదా కొంచెం మాత్రమే డిస్టార్షన్ ఉన్న సౌండ్.

జవాబు: గిటార్ కంపెనీ గిబ్సన్‌లో పనిచేసిన సెత్ లవర్ హంబకర్‌కి పేటెంట్ కోసం 1955 జూన్‌లో దరఖాస్తు పెట్టాడు, 1959 జూలైలో మంజూరైంది. సుమారు 1957 నుంచి 1962 దాకా తయారైన పికప్‌ల అడుగున పేటెంట్‌కి దరఖాస్తు చేశాం అని స్టిక్కర్ అంటించారు, ఆ ఇంగ్లిష్ మాటల పొడి అక్షరాలే పీఏఎఫ్. (పేటెంట్ వచ్చాక మార్చిన స్టిక్కర్ మీద వేసిన నంబర్ అసలు ఈ పికప్‌ది కాదు, లెస్ పాల్ టెయిల్‌పీస్ (తీగల చివరలు పట్టి ఉంచే భాగం) పేటెంట్‌ది. ఆ స్టిక్కర్ ఉన్నవాటి కోసం కూడా ఇప్పుడు జనం వెతుకుతుంటారు.)

ఆ పికప్‌లన్నీ ఒకేలా ఉండేవి కావు. చేతికి ఏ ఆల్నికో దొరికితే అది పెట్టారు, చుట్లు కూడా ఒక్కోదానికి ఒక్కోలా పడ్డాయి, ఒకే పికప్‌లో రెండు కాయిల్స్‌కీ చుట్లు సమానంగా లేనివి ఎన్నో. అందుకే 7 కిలో ఓమ్‌లవీ ఉన్నాయి, 9వీ ఉన్నాయి. ఇన్ని రకాలున్నప్పుడు అసలైన పీఏఎఫ్ సౌండ్ అనేది ఒకటే ఉండదు, ఒక్కో కంపెనీ తను విన్న మంచి పీఏఎఫ్‌ని అనుకరిస్తోంది. కాబట్టి లేబుల్ వదిలేసి ఆ కుటుంబంలో మీకు ఎటువైపు కావాలో ఆలోచించండి.

నంబర్‌కీ బలానికీ సంబంధం లేదు. మామూలుగా వాడే వాటిలో ఆల్నికో 3 అన్నిటికన్నా బలహీనం, అందులో కోబాల్ట్ కూడా ఉండదు. ఆల్నికో 2 దానికన్నా కాస్త బలం, మెత్తగా, పై స్వరాలు గుండ్రంగా ఉంటాయి, పిక్ తగిలిన చప్పుడు కొట్టొచ్చినట్టు వినపడదు. 4 ఏ వైపూ మొగ్గకుండా సమంగా ఉంటుంది. 5 గట్టి బేస్, మెరిసే ట్రెబుల్, మిడ్ కొంచెం వెనక్కి. 8 దాదాపు సిరామిక్ దాకా వెళ్తుంది కానీ అంత పదునుగా ఉండదు. సిరామిక్ బిగువుగా, వేగంగా, హై గెయిన్‌లో చెదరకుండా ఉంటుంది. ఇవన్నీ చుట్టిన తీరుని బట్టి మారే మాటలే, అయినా దిశ మాత్రం ఇదే.

బ్లూస్‌కి నేనైతే నెక్‌లో ఆల్నికో 2 వేస్తాను, బ్రిడ్జ్‌లో 4 గానీ 5 గానీ. నెక్ 7.5 చుట్టూ, బ్రిడ్జ్ 8 నుంచి 8.5. బ్రిడ్జ్ దగ్గర తీగ తక్కువ ఊగుతుంది కాబట్టి ఆ పికప్‌కి కొన్ని చుట్లు ఎక్కువ ఉంటేనే రెండింటి శబ్దం సమానంగా ఉంటుంది. రెండూ అచ్చంగా ఒకేలా ఉన్న జత కొని బ్రిడ్జ్ బలహీనంగా ఉందని బాధపడేవాళ్లని చూస్తుంటాను, కొనేటప్పుడు ఈ ఒక్కటి గమనిస్తే చాలు.

ఇంకో దారి ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. ఉన్న పికప్ ఫర్వాలేదనిపిస్తే అయస్కాంతం ఒక్కటే మార్చొచ్చు. అడుగున ఉన్న నాలుగు స్క్రూలు వదులు చేస్తే రెండు కాయిల్స్ అడుగున ఉన్న అయస్కాంతపు పలక పక్కకి జారి వస్తుంది, కొత్తది పెట్టేటప్పుడు పాతది ఏ వైపు తిరిగి ఉందో అదే వైపు పెట్టాలి. బయటికి తీయకముందే పలక ఒక చివర, ఒక ముఖం మీద మార్కర్‌తో గుర్తు పెట్టుకోండి, దిక్సూచి ముల్లు ఎటు తిరుగుతోందో కూడా చూసి రాసుకోండి. తీసేటప్పుడు కాయిల్ మీద స్క్రూడ్రైవర్ మోపకండి, వెంట్రుక కన్నా సన్నని ఆ తీగ తెగితే పికప్ పోయినట్టే. పైన లోహపు మూత సోల్డర్ చేసి ఉన్నవి మాత్రం చేయి తిరిగినవాళ్లకే ఇవ్వండి.

ప్రశ్న: నాది ట్రెమొలో (కడ్డీతో శ్రుతి వంచే బ్రిడ్జ్) ఉన్న గిటార్. కొత్త పికప్ ఎంచుకుంటుంటే ఎఫ్ స్పేస్డ్ అని ఒక రకం, మామూలుది ఒక రకం ఉన్నాయి. తప్పుది కొంటే పనిచేయదా?

జవాబు: పనిచేస్తుంది. మామూలు హంబకర్‌లో మొదటి పోల్ మధ్య నుంచి ఆరో పోల్ మధ్య దాకా సుమారు 49, 50 మిల్లీమీటర్లు ఉంటుంది. చాలా ట్రెమొలో బ్రిడ్జ్‌ల దగ్గర తీగలు అంతకన్నా విశాలంగా పరుచుకుంటాయి కాబట్టి 51 నుంచి 53 దాకా వెడల్పు పెట్టినవి చేస్తారు, డిమార్జియో ఎఫ్ స్పేస్డ్ అంటుంది, సీమోర్ డంకన్ ట్రెంబకర్ అంటుంది. మీ గిటార్‌లో బ్రిడ్జ్ పికప్ సరిగ్గా పైన రెండు చివరి తీగల మధ్య దూరం కొలిచి దానికి దగ్గరది తీసుకోండి. నెక్ దగ్గర తీగలు దగ్గరికి వస్తాయి, అక్కడ ఎక్కువగా మామూలుదే చాలు. ఒక మిల్లీమీటర్ తేడా చెవికి తెలియదు, కంటికి మాత్రం తెలుస్తుంది. పోల్స్ బదులు పొడవాటి బ్లేడ్ ఉన్న పికప్ తీసుకుంటే ఈ బాధే లేదు.

దీనికన్నా ముందు చూడాల్సింది గుంట లోతు. పాత తరహా పికప్‌లకి కింద పొడవాటి కాళ్లుంటాయి, లోతు తక్కువగా తవ్విన గిటార్‌లో అవి కింద తగిలి పికప్ దిగదు. ఫెండర్ వైడ్ రేంజ్ హంబకర్ ఉన్న గిటార్లూ, మినీ హంబకర్ ఉన్నవీ వేరే సైజులు, వాటిల్లో మామూలు హంబకర్ నేరుగా కూర్చోదు. పాత స్క్రూలు కొత్త పికప్ కాళ్లకి ఎక్కకపోవచ్చు, మరల తేడా ఉంటుంది, బలవంతంగా తిప్పకుండా కొత్త పికప్‌తో వచ్చినవే వాడండి.

ప్రశ్న: మేం మెటల్ వాయిస్తాం, తీగలు బాగా కిందకి ట్యూన్ చేస్తాం. యాక్టివ్ పికప్‌లు తప్పనిసరా? బ్రిడ్జ్‌లో యాక్టివ్ వేసి నెక్‌లో పాతదే ఉంచితే ఏమవుతుంది?

జవాబు: తప్పనిసరి కాదు. యాక్టివ్ పికప్‌లో కాయిల్ చుట్లు తక్కువ, లోపలే చిన్న ప్రీయాంప్ ఉంటుంది, దానికి 9 వోల్టుల బ్యాటరీ. ఈఎంజీ 81 ఇందులో అందరికీ తెలిసినది, సిరామిక్ అయస్కాంతం, బిగువైన బేస్, చాలా తక్కువ నాయిస్, ఎంత పొడవు కేబుల్ పెట్టినా పై స్వరాలు పోవు. ఫిష్‌మన్ ఫ్లూయెన్స్ ఇంకో దారి పట్టింది, చుట్టిన తీగ బదులు పొరలు పొరలుగా పేర్చిన సర్క్యూట్ బోర్డులు, ఒకే పికప్‌లో రెండు గొంతులు. ఎంత గట్టిగా కొట్టినా, మెల్లగా కొట్టినా యాక్టివ్‌లు కొంచెం సమంగా పలుకుతాయి, వేగంగా పామ్ మ్యూట్ (అరచేత్తో తీగల్ని అణచి వాయించడం) చేసేవాళ్లకి అది బలం. వాల్యూమ్ నాబ్ తగ్గించి, చేతి బరువుతో సౌండ్ మార్చుకునేవాళ్లకి అదే లోటుగా అనిపిస్తుంది, అలాంటివాళ్లు సిరామిక్ గానీ ఆల్నికో 8 గానీ ఉన్న పాసివ్ (బ్యాటరీ అక్కర్లేని మామూలు) హంబకర్ తీసుకోవడం మేలు.

ఒకటి యాక్టివ్, ఒకటి పాసివ్ కలపకండి. యాక్టివ్‌లకి 25 కిలో ఓమ్‌ల పాట్‌లు కావాలి, పాసివ్ హంబకర్‌కి 500. 25 పెడితే మీ నెక్ పికప్ సౌండ్ బలహీనపడి, పై స్వరాలు పోయి మూసుకుపోతుంది, 500 పెడితే యాక్టివ్ పికప్‌కి వాల్యూమ్ నాబ్ సరిగ్గా పనిచేయదు, చాలాసేపు తిరిగి చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది. రెండూ మార్చండి, లేదా రెండూ పాసివ్‌లే ఉంచండి.

కొనే ముందు వెనక గుంటలో బ్యాటరీ పట్టే చోటుందో లేదో చూసుకోండి. జాక్ కూడా స్టీరియో జాక్‌కి మారుతుంది, కేబుల్ గుచ్చితే బ్యాటరీ ఆన్ అవుతుంది, కాబట్టి వాయించడం అయ్యాక కేబుల్ తీసేయాలి, లేకపోతే రాత్రంతా ఖర్చవుతూనే ఉంటుంది. ఈఎంజీలు వేసేటప్పుడు బ్రిడ్జ్‌కి వెళ్లే గ్రౌండ్ తీగ తీసేయమని ఆ కంపెనీయే చెబుతుంది. పాసివ్‌లకి మాత్రం ఆ తీగ ఉండి తీరాలి.

ప్రశ్న: బ్రిడ్జ్ పికప్ ఒక్కటే వేరే కంపెనీది వేయించాను. విడివిడిగా రెండూ అద్భుతం. స్విచ్ మధ్యలో పెడితే మాత్రం సౌండ్ పలచగా, ముక్కుతో మాట్లాడినట్టు వస్తోంది, వాల్యూమ్ కూడా పడిపోతోంది. పికప్ పాడైందా?

జవాబు: పాడవలేదు, టెన్షన్ పడకండి. రెండు పికప్‌లూ ఎదురెదురు ఫేజ్‌లో ఉన్నాయి, ఒకటి తోస్తుంటే రెండోది లాగుతోంది, బేస్ అంతా కొట్టుకుపోతోంది. వేరువేరు కంపెనీలవి కలిపినప్పుడు ఇది మామూలే.

మీటర్‌తోనే తేల్చుకోవచ్చు. మీటర్‌ని 20 కిలో ఓమ్‌ల రేంజ్‌లో పెట్టి, ఒక పికప్ హాట్ తీగకి (సిగ్నల్ బయటికి వచ్చే తీగ) ఎర్ర ముల్లు, గ్రౌండ్‌కి నల్ల ముల్లు పట్టించండి, పికప్ పాట్ నుంచి విడదీసి ఉంటే మంచిది. ఒక స్క్రూడ్రైవర్ ఇనుప భాగాన్ని పికప్ పోల్స్ మీద అడ్డంగా ఆనించి ఉంచి, అంకె నిలకడగా వచ్చాక టక్కున పైకి లాగండి. ఆ క్షణంలో అంకె పైకి ఎగురుతుంది లేదా కిందకి పడుతుంది, వెంటనే మళ్లీ సర్దుకుంటుంది. ఎటు కదిలిందో రాసుకోండి. రెండో పికప్‌కి కూడా అచ్చం అలాగే, ముళ్లు అదే వరసలో పట్టించి చేయండి. రెండూ ఒకే వైపు కదిలితే ఫేజ్ కలిసినట్టు, వేరువేరు వైపులకి కదిలితే కలవనట్టు. అంకెల మీటర్‌లో మార్పు కన్నుమూసి తెరిచేలోగా అయిపోతుంది కాబట్టి మళ్లీ మళ్లీ చేసి చూడండి.

కలవకపోతే, నాలుగు తీగల పికప్ (కాయిల్స్ నుంచి నాలుగు వైర్లు విడిగా బయటికి వచ్చేది) ఉన్న వైపు హాట్‌నీ గ్రౌండ్‌నీ తారుమారు చేయండి. వాటితో పాటు వచ్చే తొడుగు లేని బోడి తీగ మాత్రం ఎప్పుడూ గ్రౌండ్‌కే ఉండాలి, దాన్ని కదపకండి. రెండు పికప్‌లూ పాత తరహా అల్లిక తీగవే అయితే అలా మార్చడం కుదరదు, ఒకదాంట్లో అయస్కాంతం తిరగేయాలి. రంగులు చూసి ఊహించుకోకండి కూడా. సీమోర్ డంకన్‌లో నలుపు హాట్, ఎరుపూ తెలుపూ కలిపి టేపు చుట్టాలి, ఆకుపచ్చ గ్రౌండ్. డిమార్జియోలో ఎరుపు హాట్, నలుపూ తెలుపూ కలిపి చుట్టాలి, ఆకుపచ్చ గ్రౌండ్. ఒకదాని పద్ధతిలో రెండోది కలిపితే సౌండ్ సరిగ్గా రాదు.

ప్రశ్న: కాయిల్ స్ప్లిట్ పెట్టించుకుంటే హంబకర్ నుంచి అచ్చమైన సింగిల్ కాయిల్ సౌండ్ వస్తుందా?

జవాబు: అచ్చమైనది రాదు. హంబకర్‌లో రెండు కాయిల్స్ ఉంటాయి, వాటి అయస్కాంతపు ధ్రువాలు ఎదురెదురు, తీగ కలిపిన దిశ కూడా ఎదురెదురు. అందుకే తీగ శబ్దం రెండింటిలోనూ కలిసి పెరుగుతుంది, కరెంటు లైన్ నుంచి వచ్చే 50 లేదా 60 హెర్ట్జ్ గుయ్ అనే చప్పుడు మాత్రం ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. స్ప్లిట్ చేశారంటే ఒక కాయిల్ ఆగిపోతుంది, చప్పుడు తిరిగొస్తుంది, వాల్యూమ్ పడుతుంది. మిగిలిన కాయిల్ నిర్మాణం కూడా అసలు సింగిల్ కాయిల్ లాంటిది కాదు, దాంట్లో పోల్సే అయస్కాంతాలు, ఇక్కడ అయస్కాంతం అడుగున ఉన్న పలక.

8 కిలో ఓమ్‌ల హంబకర్‌ని స్ప్లిట్ చేస్తే మిగిలేది 4 కిలో ఓమ్‌ల కాయిల్, పలచగానే ఉంటుంది. స్ప్లిట్ నిజంగా ముఖ్యమైతే కొంచెం హాట్ పికప్ ఎంచుకోవడానికి అది మంచి కారణం. నా సలహా మాత్రం సిరీస్, పారలల్ స్విచ్. రెండు కాయిల్స్ పారలల్‌లో పెడితే వాల్యూమ్ తగ్గుతుంది, సౌండ్ తేటగా మెరుస్తుంది, గుయ్ అనే చప్పుడు మాత్రం రాదు. దేనికైనా నాలుగు తీగల పికప్పే కావాలి, ఈ ఆలోచన ఉంటే కొనేటప్పుడే అడగండి.

ప్రశ్న: కొత్త పికప్ గెయిన్ పెంచితే కీచుమని అరుస్తోంది, తీగలు పట్టుకున్నా ఆగడం లేదు.

జవాబు: ఆంప్ గెయిన్ పెట్టి, తీగలన్నీ అరచేత్తో మూసి, పికప్ పై ప్లాస్టిక్‌ని గోటితో తట్టండి. ఆ టక్కుటక్కు స్పీకర్లో పెద్దగా వినిపిస్తే పికప్ మైక్రోఫోనిక్, లోపల కాయిల్ తీగో, పై మూతో వదులుగా ఉండి స్పీకర్ శబ్దానికి అదురుతోంది. పాత తరహా పికప్‌లు కొన్ని కావాలనే మైనంలో ముంచకుండా అమ్ముతారు, తక్కువ గెయిన్‌లో గాలి ఆడినట్టు తెరుచుకుని పలుకుతాయని. గెయిన్ ఎక్కువ వాడేవాళ్లు మైనం పట్టించినదే కొనాలి. మీది కొత్తదే కాబట్టి ముందు మార్చి ఇవ్వమని అడగండి.

ఇంట్లోనే మైనం పట్టించాలనుకుంటే, పారాఫిన్‌లో కొంచెం తేనెమైనం కలిపి, నేరుగా మంట మీద కాకుండా నీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించండి. థర్మామీటర్ లోపలే ఉంచి 65 డిగ్రీలు దాటనివ్వకండి, దాటితే బాబిన్ (కాయిల్ తీగ చుట్టిన చట్రం) ప్లాస్టిక్ వంకర పోతుంది. పికప్ ముంచాక సన్నని బుడగలు వస్తూ ఉంటాయి, అవి ఆగేదాకా ఉంచాలి. మైనం అంటుకుంటే ప్రమాదం, పక్కనుంచి కదలకండి.

ప్రశ్న: నేనే సోల్డరింగ్ చేసుకోవచ్చా? ఎప్పుడూ చేయలేదు.

జవాబు: చేసుకోవచ్చు, మొదటిసారి గిటార్ మీద కాకుండా పాత పాట్ ఒకటి తెచ్చుకుని దాని మీద. 40 వాట్ల ఐరన్, రోజిన్ ఉన్న సన్న సోల్డర్ చాలు. కష్టమైనది పాట్ వీపు మీద గ్రౌండ్ తీగ అతికించడం, ఆ లోహం వేడిని లాగేసుకుంటుంది. ముందు అక్కడ సన్న ఇసుక కాగితంతో గీకి, ఐరన్ మొనని కాకుండా దాని పక్క చెంపని ఆనించి, సోల్డర్‌ని ఐరన్‌కి కాకుండా పాట్‌కి తగిలించండి. అది నీళ్లలా పరుచుకుంటే అతికినట్టు, పూసలా నిలబడితే అతకనట్టు. ఐరన్ మరీ ఎక్కువసేపు ఆనించి ఉంచితే పాట్ లోపలిది కాలిపోతుంది, రెండు మూడు సెకన్లలో పరుచుకోకపోతే తీసేసి, చల్లారనిచ్చి, మళ్లీ మొదలుపెట్టండి.

పాతవి విప్పే ముందు వెనక గుంట మొత్తం వెలుతురులో రెండు వైపుల నుంచి ఫోటో తీయండి, ఏ తీగ ఏ కాలికి ఉందో కనిపించేలా. గిటార్ ముందు భాగం మీద గుడ్డ కప్పండి, సోల్డర్ చుక్క పడితే పాలిష్ మీద మచ్చ పోదు. కొత్త గిటార్ తీగలు వేయకముందే కేబుల్ గుచ్చి, స్విచ్ ఒక్కో చోట పెడుతూ స్క్రూడ్రైవర్‌తో పోల్స్ మీద మెల్లగా తట్టి చూడండి, ఏ పికప్ దగ్గర తడితే ఆ చోట శబ్దం రావాలి. తీసిన పాత పికప్‌లు, వాటి స్క్రూలు, స్ప్రింగులు ఒక కవర్‌లో వేసి పేరు రాసి దాచండి. పాట్‌లు సరిచేశాక ఆ పాత పికప్పే మళ్లీ వేసి చూడాలనిపిస్తుంది చాలాసార్లు.